నంబరు లేని ఇంజను

రైలుబండ్లను గూర్చి ఏమాత్రమైనా తెలిసిన వారికి డబ్ల్యూ.డి.ఎం.-2 అన్న పేరు కొత్త కాదు. పేరులోని మొదటి అక్షరం బ్రాడ్ గేజ్‌ను, రెండవది డీజిలును, మూడవది ప్రయాణికుల బండ్లకు, సరకుల బండ్లకు రెండింటికీ పనికివచ్చే గుణాన్ని తెలుపుతాయి. చివరి అంకె ఆ కోవలో అది రెండవ రకమని చెబుతుంది. అమెరికాలోని ఆల్కో సంస్థ రూపొందించిన ఈ ఇంజను 1962లో మన దేశానికి వచ్చింది. 1964 జనవరి నుండి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ కర్మాగారంలోనే తయారుకాసాగింది. ఆ కర్మాగారానికి 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మార్చారు. పదహారు సిలిండర్లు, 2600 అశ్వశక్తి, సుమారు 113 టన్నుల బరువు, ఆరు ఇరుసులు. రెండున్నర వేలకు పైగా ఇంజనులు ఈ దేశపు పట్టాలపై తిరిగాయి. దాన్ని పుట్టించిన ఆల్కో 1969లోనే ఇంజనుల తయారీ మానివేసింది. బిడ్డ మాత్రం మన దేశంలో మరి కొన్ని దశాబ్దాలు బ్రతికింది.

కాజీపేట డీజిల్ షెడ్డులో మా నాయన ఫిట్టరుగా ముప్పది సంవత్సరాలకు పైగా పనిచేశారు. ఇంట్లో ఆయన మాట్లాడే మాటలలో సగం ఇంజనులను గూర్చినవే. ఫలానా బండికి టర్బో పోయిందనో, ఫలానా బండి నీళ్లు తాగుతున్నదనో చెప్పేటప్పుడు ఇరుగుపొరుగు వారి ఆరోగ్యం గూర్చి మాట్లాడుతున్నట్లే ఉండేది. ఆ ఇంజనులలో ఒకదాని మీద ఆయనకు ప్రత్యేకమైన మమకారం. దాని అయిదంకెల సంఖ్యను మా ఇంట్లో అందరమూ కంఠస్థం చేశాము. ఆయన ఉద్యోగ విరమణ చేసిన కొన్నేళ్లకు ఆ ఇంజను కూడా పనికిరానిదిగా నిర్ణయింపబడి పాత ఇనుము కింద కోతకు వెళ్లింది. ఆ వార్త తెలిసిన రోజున నాయన ఏమీ అనలేదు. భోజనం మాత్రం చేయలేదు.

నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మూడేండ్ల క్రితం మా తమ్ముడు నాయన కోసం ఆ ఇంజను నమూనా ఒకటి కొని పంపాడు. పరిమిత సంఖ్యలో నమూనాలు చేసే ఒక చిన్న సంస్థ దాన్ని తయారుచేసింది. అది హెచ్.ఓ. అనే కొలతలో చేసినది. అంటే అసలు దానిలో ప్రతి 87 మిల్లీమీటర్లకు ఇందులో ఒక మిల్లీమీటరు. పదిహేడు మీటర్లకు పైబడిన ఇంజను ఇందులో 197 మిల్లీమీటర్లకు ఒదిగి, రెండు అరచేతులలో పట్టేంతగా ఉన్నది. పన్నెండు వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో పట్టాల మీద నడుస్తుంది. ధనధ్రువాన్ని, ఋణధ్రువాన్ని తారుమారు చేస్తే వెనుకకు పోతుంది. ఇంజను పక్కన సంఖ్య వేయలేదు. ఎవరికి కావలసిన సంఖ్యను వారు అతికించుకొనడానికి అంకెల కాగితం ఒకటి పెట్టెలో ఉంచారు.

మా తమ్ముడి ఉద్దేశం స్పష్టమే. నాయన మమకారపు సంఖ్యను ఆ బొమ్మ మీద అతికించాలి. అందుకు ఆయన ఒప్పుకొనలేదు. ఇంజనును చేతిలోకి తీసుకొని, తిరగేసి, కంటి దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశారు. శుక్లాల శస్త్రచికిత్స అయినా ఆయనకు చూపు అంతంత మాత్రమే. తరువాత పట్టాల మీద పెట్టి నడిపించమన్నారు. అది రెండు మూరలు నడిచి ఆగింది. వ్రేలితో నెడితే మళ్లీ కదిలింది. కదులుతున్నంతసేపూ టిక్, టిక్ అని ఒక చప్పుడు.

“గిది మన బండి గాదు బిడ్డా. ముందుగాల దీన్ని బండిని చెయ్యి. నంబరు సంగతి ఎన్కసిరి జూద్దాం” అన్నారు.

బొమ్మ కదా అని నేను ఊరుకొనవచ్చు. ఊరుకొనలేకపోయాను. ఎనభై దాటిన మనిషి ఒక సంఖ్యను ఇంత జాగ్రత్తగా దాచిపెట్టుకొంటున్నప్పుడు దాన్ని కుంటుతున్న వస్తువుకు తగిలించమని అడగడం నాకూ ఇష్టం లేకపోయింది.

మొదట చప్పుడు సంగతి. నమూనా ఇంజనుకు నడుమ ఒక చిన్న మోటారు ఉంటుంది. దాని రెండు కొనల నుండి రెండు కడ్డీలు బయలుదేరి ముందు బోగీకి, వెనుక బోగీకి శక్తిని చేరవేస్తాయి. కడ్డీ చివర మరవంటి పళ్లచక్రం, దాని కింద మరికొన్ని పళ్లచక్రాలు, చిట్టచివర ఇరుసు మీది పళ్లచక్రం ఉంటాయి. ఇన్నింటిలో చప్పుడు ఎక్కడిది? పరికరాలు విప్పడానికి నేను సిద్ధమవుతుంటే నాయన వద్దన్నారు. ఇంజనును వెల్లకిలా పండబెట్టించి, నెమ్మదిగా తిప్పమని, సన్నని స్క్రూడ్రైవరు మొనను బోగీకి ఆనించి పిడిని చెవికి పెట్టుకొన్నారు. షెడ్డులో ఆయన చేసిన పనే ఇది. కాకపోతే అక్కడ స్క్రూడ్రైవరు మూరెడు ఉండేది. చక్రం మీద సుద్దతో ఒక గీత పెట్టమన్నారు. గీత పైకి వచ్చిన ప్రతిసారీ ఒక టిక్కు. గీతకూ గీతకూ నడుమ మరొకటి లేదు.

నా విద్యార్థులకు నేను చెప్పే ఆవర్తన కాలం పాఠాన్ని ఇంత క్లుప్తంగా నేనెన్నడూ చెప్పలేదు. దోషం మోటారులో ఉంటే చక్రం ఒక్కసారి తిరిగేలోగా ఎన్నోసార్లు వినిపించాలి, ఎందుకంటే మోటారు చక్రం కన్నా ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒకేసారి వినిపిస్తున్నది కనుక దోషం ఇరుసు మీదనే ఉండాలి. ఆ ఇరుసును మాత్రమే విప్పి భూతద్దంలో చూశాను. పళ్లచక్రం రెండు పళ్ల నడుమ నిలువునా చీలి ఉన్నది. వెంట్రుకవాసి చీలిక. అంతమాత్రానికే ఆ రెండు పళ్ల మధ్య ఎడం పెరిగి, తరువాతి పన్ను సరిగా కూర్చొనక ఎగిరిపడుతున్నది.

ఇట్లా చీలడం ఇటువంటి నమూనాలకు తరచుగా వచ్చే జబ్బే. దానికి కారణం ఉన్నది. రెండు పట్టాల నుండి రెండు ధ్రువాల విద్యుత్తు వస్తుంది. ఇరుసు మొత్తం లోహంతో చేస్తే రెండూ కలిసిపోయి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందువలన ఇరుసును రెండు ముక్కలుగా చేసి, నడుమ ప్లాస్టిక్ గొట్టంలో రెండు వైపుల నుండి బిగిస్తారు. ఆ గొట్టం మీదనే పళ్లచక్రం ఉంటుంది. ఏండ్లు గడిచినకొద్దీ ప్లాస్టిక్ కొంచెం కుంచించుకొంటుంది, లోపలి ఉక్కు కుంచించుకొనదు. ఆ బిగువు ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. పళ్ల మొదలులో మందం తక్కువ కనుక అక్కడే తెగుతుంది. జిగురు పెట్టి అతికించవచ్చునని కొందరు అంటారు. నున్నగా జారే ఆ జాతి ప్లాస్టిక్‌కు జిగురు నిలువదు. నిలిచినా పళ్ల మధ్య ఎడం తగ్గదు. కొత్త పళ్లచక్రాలు తెప్పించడమే సరియైన మార్గం. ఒకటి చీలిందంటే తక్కినవి కూడా అదే దారిలో ఉంటాయి. అందుచేత ఆరింటినీ మార్చాను. బిగించే ముందు ఇరుసు కొనలను సన్నని గరుకు కాగితంతో కొద్దిగా అరగదీశాను. ఇక చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండేటట్లు కొలిచి సరిచేయాలి. అది తప్పితే ఇంజను పాయింట్ల వద్ద పట్టా దిగిపోతుంది.

ఇరుసులు విప్పినప్పుడే పాత గ్రీజు సంగతీ తేలింది. అది గట్టిపడి మైనంలా అయింది. దాన్ని ఆల్కహాలుతో కడిగి, ప్లాస్టిక్‌కు హాని చేయని నూనెను సూదిమొనతో ఒక్కొక్క చుక్క పెట్టాను. “ఆముదం దీపం గాదు, నింపకు” అని నాయన హెచ్చరిక. నూనె ఎక్కువైతే అది చక్రాల మీదికి పాకి విద్యుత్తును అడ్డగిస్తుంది, దుమ్మును పిలుస్తుంది.

చప్పుడు పోయింది. ఆగడం పోలేదు. ఇంజను సరళమైన దారిలో బాగానే పోయి, పాయింట్లు రాగానే బిగుసుకొని నిలిచేది. ఈ దోషం తయారీలోనే ఉన్నది. ఇంజనుకు పన్నెండు చక్రాలున్నా విద్యుత్తును గ్రహించేవి ఆరే. ముందు బోగీ కుడి పట్టా నుండి మాత్రమే, వెనుక బోగీ ఎడమ పట్టా నుండి మాత్రమే తీసుకొనేటట్లు దాన్ని అమర్చారు. పాయింట్లలో రెండు దారులు ఒకదానినొకటి దాటే క్రాసింగ్ ప్లాస్టిక్‌తో చేసినది కనుక అక్కడ విద్యుత్తు ఉండదు. తక్కిన చక్రాలలో ఏ ఒక్కదానికి కాస్త దుమ్ము అడ్డుపడినా ఇంజను ప్రాణం పోతుంది. ఈ వివరమంతా చెప్పగా విని నాయన, “అంటే పన్నెండు కాళ్లున్నా సగమే పనిజేస్తున్నయన్నట్టు” అన్నారు. అంతకంటే చక్కగా చెప్పలేము.

ఫాస్ఫర్ బ్రాంజ్ అనే మిశ్రమలోహపు రేకును సన్నని పట్టీలుగా కత్తిరించి, పన్నెండు చక్రాల వెనుక భాగాలకూ మెత్తగా రాసుకొంటూ ఉండేటట్లు అమర్చాను. పట్టీ గట్టిగా ఒత్తితే చక్రం తిరుగదు, వదులుగా ఉంటే తాకదు. నిజానికి మొత్తం పనిలో ఎక్కువ రోజులు తీసుకొన్నది ఇదే. చెప్పడానికేమో ఇంతే. తీగలను బిగించిన చిన్న ప్లాస్టిక్ టోపీలను తొలగించి టంకం పెట్టాను. ఆ తరువాత ఇంజను అతి నెమ్మదిగా, స్లీపరు వెంట స్లీపరు లెక్కపెట్టేంత నిదానంగా పాయింట్లు దాటింది. నమూనా ఇంజను మంచిదో కాదో దాని వేగం చూసి చెప్పరాదు, నిదానం చూసి చెప్పాలి.

దీపాల విషయం చిన్నది. వెనుకటి రకం బల్బు పసుపుగా మిణుకుమంటూ, వేడెక్కి లోపలి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తున్నది. దాన్ని తీసి, వేయి ఓముల నిరోధం జతచేసి ఒక ఎల్.ఇ.డి. పెట్టాను. ఎల్.ఇ.డి. ఒక దిశలోనే విద్యుత్తును పోనిస్తుంది కనుక ముందుకు పోయేటప్పుడు ముందు దీపం, వెనుకకు పోయేటప్పుడు వెనుక దీపం వాటంతట అవే వెలుగుతాయి. నాయన దీన్ని పట్టించుకొననే లేదు.

ఆయన దృష్టి అంతా బోగీ మీదనే. మొదటిరోజు ‘మన బండి గాదు’ అనడానికి చప్పుడు, ఆగడం అసలు కారణాలు కావట. ఒకనాడు పాత క్యాలెండరు వెనుక మూడు సున్నాలు గీసి చూపించారు. మొదటి రెండు సున్నాలు దగ్గరగా, మూడవది ఎడంగా ఉన్నాయి. డబ్ల్యూ.డి.ఎం.-2 బోగీని ట్రైమౌంట్ అంటారు. ఇంజను బరువును ఒక్కొక్క బోగీ మూడు ఆధారాలపై మోస్తుంది. దానిలోని మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానం కావు. ట్రాక్షన్ మోటార్ల అమరికను బట్టి ఏర్పడిన లక్షణమిది. మా నమూనాలోనో, మూడు చక్రాలూ గీత గీసినట్లు సమదూరంలో ఉన్నాయి. తయారీదారులు వేరే జాతి ఇంజను కోసం చేసిన అడుగుభాగాన్ని తెచ్చి, దాని మీద మన ఇంజను పైభాగాన్ని కప్పారన్నమాట.

కాజీపేట జంక్షనులో చిన్ననాటి నుండి నేను ఆ ఇంజనులను కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. ఇరుసుల ఎడాన్ని ఎన్నడూ గమనించలేదు. ఆ సాయంకాలం పాత ఛాయాచిత్రాలన్నీ వెదకి చూశాను. నాయన గీసిన మూడు సున్నాలే ప్రతి చిత్రంలోనూ ఉన్నాయి. చూపు తగ్గిన మనిషి వ్రేళ్లతో తడిమి పోల్చుకొన్న దాన్ని నేను కళ్లుండీ చూడలేదు.

ఆల్కో సంస్థ అమెరికాలో నడిపిన ఆరు ఇరుసుల ఇంజనులలో కొన్నింటికి కూడా ట్రైమౌంట్ బోగీలే. వాటి నమూనాలు హెచ్.ఓ. కొలతలో దొరుకుతాయి. అటువంటిది ఒకటి, పైభాగం విరిగిపోయినది, తక్కువ ధరకు సంపాదించాను. తక్కువ అన్నది నా మాట. మా ఇల్లాలు దానికి వేరే విశేషణం వాడింది. ఆ బోగీలను మన ఇంజనుకు అమర్చడానికి కొంత కోత, కొంత పూత అవసరమైనాయి. బోగీ నిలిచే కీలు ఎత్తు కలవనందున పలుచని వాషర్లు వేశాను. శక్తిని చేర్చే కడ్డీ మిల్లీమీటరున్నర పొడవు కావడంతో దాన్ని కత్తిరించి మళ్లీ అతికాను. కొత్త బోగీల పళ్లచక్రాలను కూడా పరీక్షించి, విద్యుత్ పట్టీలను వాటికి మార్చాను. చేతిపట్టీలు తాళ్లంత లావున ఉంటే వాటిని తీసివేసి 0.4 మిల్లీమీటరు ఇత్తడి తీగతో వంచి పెట్టాను. ఇంజనును ఇచ్చినప్పుడు నాయన పైభాగాన్ని తాకనైనా తాకలేదు. బోగీల మీద బొటనవ్రేలు పెట్టి ఒక్కొక్క చక్రాన్ని తడిమారు. “ఇగ ఇప్పుడు అడుగు మనదే” అన్నారు.

పని అయిపోయిందనుకొన్నాను. ఆయన లెక్కలో మరొకటి మిగిలి ఉన్నది. షెడ్డులో మరమ్మతు అయిన ఇంజనును బరువు పెట్టి పరీక్షించకుండా బండికి తగిలించరు. మా మేడమీది గదిలో వేసిన దారిలో యాభైకి ఒకటి చొప్పున ఎగువ ఉన్నది. అంటే యాభై సెంటీమీటర్లు పోతే ఒక సెంటీమీటరు ఎత్తు. ఏడు పెట్టెలను లాగుతూ దాన్ని ఎక్కాలని ఆయన షరతు. ఆరు పెట్టెలతో ఎక్కింది. ఏడవది తగిలించగానే చక్రాలు ఉన్నచోటనే గిరగిర తిరిగాయి.

మోటారుకు శక్తి చాలక కాదు, పట్టాకు, చక్రానికి మధ్య పట్టు చాలక. ఆ పట్టు ఇంజను బరువు మీద ఆధారపడుతుంది. ఇక్కడ ఒక చిత్రమైన లెక్క ఉన్నది. పొడవు 87వ వంతు అయితే వెడల్పు, ఎత్తు కూడా 87వ వంతులే కనుక బరువు ఆ సంఖ్యను మూడుసార్లు గుణించినంత వంతుకు తగ్గాలి. 113 టన్నులను ఆ విధంగా భాగిస్తే వచ్చేది సుమారు 171 గ్రాములు. అంత తేలికైన నమూనా ఏమీ లాగలేదు. అందుకే వాటిని లెక్కకు మించిన బరువుతో చేస్తారు. మా ఇంజను 290 గ్రాములు తూగింది. చేపల వలలకు కట్టే సీసపు గుండ్లను సాగగొట్టి, పొడవాటి హుడ్ లోపల రెండు బోగీల మీద భారం సమంగా పడేటట్లు అతికించి 410 గ్రాములు చేశాను. సీసం విషపదార్థం కనుక పని అయిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుగుకొనడం తప్పనిసరి. ఏడు పెట్టెలూ ఎగువ ఎక్కాయి. నాయన మళ్లీ కిందికి దింపించి, ఎగువ నడుమ ఆపించి, అక్కడి నుండి కదిలించమన్నారు. కదిలింది.

ఇంజను ధ్వనిని వినిపించే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం కూడా పెడదామని మా తమ్ముడు ఫోనులో చెప్పాడు. అమెరికాలో రికార్డు చేసిన ఆల్కో ఇంజను ధ్వని అందులో ఉంటుంది. ఒక నమూనా ధ్వనిని నాయనకు వినిపించాను. కళ్లు మూసుకొని విని, “ఇది వేరే ఊరి బండి” అని తల అడ్డంగా ఊపారు. ఆ ఖర్చు తప్పినందుకు మా ఇల్లాలు సంతోషించింది.

మొన్నటి దసరాకు మా తమ్ముడు కూడా వచ్చినప్పుడు అంకెల కాగితం బయటికి తీశాము. ఒక్కొక్క అంకెను నీటిలో నానబెట్టి, కాగితం మీది నుండి జార్చి, ఇంజను పక్కన అమర్చాలి. అయిదు అంకెలు రెండు వైపులా. నాయన చెబుతుండగా తమ్ముడు అతికించాడు. షెడ్డు పేరు కూడా రాద్దామా అని నేను అడిగాను. ఆయన ఇంజను కింద పట్టాలను వ్రేళ్లతో కొలిచి, “పట్టాలెందుకు ఇంత ఇరుకుగున్నయి?” అని అడిగారు.

ఇది అన్నింటి కంటే పెద్ద దోషం. ఇన్నాళ్లూ నేను ఆయనకు చెప్పకుండా దాటవేసింది అదొక్కటే. హెచ్.ఓ. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే దాదాపు 1435 మిల్లీమీటర్లు, అంటే అమెరికా, ఐరోపాలలో వాడే స్టాండర్డ్ గేజ్. మన హైదరాబాదు మెట్రో కూడా దాని మీదనే నడుస్తుంది. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. ఆ లెక్కన నమూనా పట్టాల మధ్య సుమారు 19.2 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ కొలత పట్టాలు అంగడిలో దొరకవు. ఎవరికి వారు చేతితో వేసుకొనవలసిందే. మన దేశపు నమూనాలు చేసేవారు ఎక్కువగా ఈ తేడాను చూసీ చూడనట్లు పోనిస్తారు. నేనూ పోనిద్దామనే అన్నాను.

“కాజీపేట బండి చిన్న గేజు మీద నడుస్తదా బిడ్డా?” అన్నారు నాయన.

షెడ్డు పేరు అక్షరాలు ఇంకా కాగితం మీదనే ఉన్నాయి. చెక్క స్లీపర్లను కోసి, పట్టాలను 19.2 మిల్లీమీటర్ల ఎడంతో పరచి ఇప్పటికి అర మీటరు దారి వేశాను. ఇంజనును దాని మీద నిలపాలంటే ఆరు ఇరుసులనూ మళ్లీ విప్పి పొడిగించాలి. ఒక ఇరుసు అయింది. అది నాయన మంచం పక్కన, కళ్లద్దాల పెట్టెలో ఉన్నది.